వెలగని పెట్టె

మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క మాట. డోన్‌కు ఎనిమిది మైళ్ళ దూరంలో రాళ్లమిట్ట, రాళ్లమిట్ట పక్కన పలుగురాళ్ళను పిండి చేసే మిల్లు, ఆ మిల్లు దుమ్ము మీద బతికే ముప్పై ఆరుమంది. కర్నూలు ల్యాబులో పనిచేసే మన కృపారాణి పది రోజుల కిందట సొంత ఊరికే వచ్చి వాళ్ళందరి నెత్తురూ పరీక్ష చేసింది. గొట్టం వెలిగితే రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో తన పని మొదలుపెట్టిందని అర్థం. వెలగకపోతే లేదని అర్థం. ముప్పై ఐదు గొట్టాలు చీకటిగా ఉండిపోయాయి. ఒక్కటే పచ్చగా వెలిగింది. అది మిల్లు మేస్త్రీ నారాయణది.

ఊరు దీనికి అర్థం చెప్పేసుకోవడానికి పూట కూడా పట్టలేదు. కూలీలను కాల్చుకు తిన్నవాడికి దేవుడు కూలి ముట్టజెప్పాడు, మిగిలినవాళ్ళను రెక్కల కింద దాచుకున్నాడు. దాచుకున్నవాళ్ళలో కృప తమ్ముడు ఏసుకుమార్ కూడా ఉన్నాడు, పదకొండేళ్ళుగా ఆ మిల్లులో సంచులు నింపుతున్నవాడు. అందుకే ఈ ఆదివారం చర్చిలో కృతజ్ఞత కూడిక, దాని వెనక ప్రేమవిందు.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి, దీనితోనే ఇవాళ పని. ఈ జబ్బుకు కొత్తగా తయారైన మందును ప్రయోగంగా ఇవ్వడానికి ఈ మిల్లుకు ఆరు చోట్లు కేటాయించారు. నారాయణది పోగా మిగిలిన ఐదూ ఇవాళ సాయంత్రం ఐదు గంటలకు జాబితా మూసేసరికి ఎర్రగుంట్ల సిమెంటు కూలీలకు పోతాయి. రోగులు లేని ఊరికి మందెందుకు మరి?

ఆ ఆదివారం పొద్దున పది గంటల వేళ నారాయణ కృప ఇంటి వాకిట్లోకి వచ్చాడు.

కృప తల్లి జ్ఞానమణి అరుగు మీద కూర్చుని విందుకు ఉల్లిగడ్డలు తరుగుతోంది. అతన్ని చూసింది. కత్తిపీట మడిచింది. చేట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఐదేళ్ళుగా అంతే. దారిలో ఎదురైతే దారి మార్చుకుంటుంది, పేరు ఎత్తాల్సి వస్తే మాట మార్చుకుంటుంది. ఆమె భర్త ఏసన్న దగ్గుతూ దగ్గుతూ ఉన్నప్పుడే దుమ్ము గది ఊడ్వమని దింపినవాడు నారాయణ. ఏసన్న పోయిన రోజున మిల్లు ఆపనివాడు కూడా నారాయణే. ఆస్పత్రి వాళ్ళు కాగితం మీద క్షయ అని రాశారు. జ్ఞానమణి మాత్రం మనసులో వేరే పేరు రాసుకుంది.

"పాపా, ఒక మాట అడిగి పోదామని వచ్చినా," అన్నాడు నారాయణ. పది రోజుల్లో మనిషి సగమయ్యాడు. పరీక్ష కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును తువ్వాలులో చుట్టి తెచ్చాడు.

"చెప్పండి."

"ఇది తప్పేమో పాపా."

గొట్టం వెలిగినవాళ్ళందరూ ఆ మాటే అంటారు. వేరే ఊళ్ళలో కృప విన్నదే. జవాబు కూడా నోటికి వచ్చేసి ఉంది. "తప్పు కాదు. ఇంకో మంచి గొట్టంతో సరిచూసినాం. భయపడాకండి, ఎక్స్‌రేలో పడకముందే దొరికింది, మందు పని చేస్తుంది."

"భయం గురించి కాదు నేను చెప్పేది. నేను మిల్లులో కూర్చునేది యాడ? కాటా కాడ. లారీలు తూకమేసే గదిలో. ఆడ ఫ్యాను ఉండాది, అద్దాల కిటికీ ఉండాది. సంచులు నింపేది మీ తమ్ముడు. దుమ్ము గదిలోకి దిగేది ఓబుళేశు. ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోడు వాడు. వాళ్ళకు లేంది నా ఒక్కనికే ఎట్ల వచ్చె?" అని నారాయణ ఆగాడు. "పాపం చేసినా, కాదనను. ఊరంతా అదే అంటాండారు. కానీ పాపా, దుమ్ముకు పాపం పుణ్యం తెలుస్తాదా?"

కృప అతని చేతిలోని కవరు వైపు చూసింది.

చదువుకున్న పిల్ల. ఈ పరీక్షను తయారుచేసిన వాళ్ళలో తనూ ఒకతి. పదేళ్ళకు పైగా పలుగురాతి పిండి పీల్చినవాళ్ళు ఇరవైమంది దాకా ఉన్న మిల్లులో మేస్త్రీకి తప్ప ఒక్కరికీ జబ్బు లేదని తేలితే మొదట అనుమానం రావలసింది తనకే. రాలేదు. ఎందుకు రాలేదో కూడా ఆమెకు తెలుసు. తమ్ముడి పేరున్న గొట్టం చీకటిగా కనబడిన క్షణంలో కళ్ళనీళ్ళు పెట్టుకుని, మిగిలినదంతా నమ్మేసింది. కావాల్సిన జవాబు దొరికాక ప్రశ్నను ఎవరు మళ్ళీ తిరగేస్తారు?

"మీరు ఇంటికి పోండి," అంది. "నేను మళ్ళా చూస్తా."

వాడిన గొట్టాలను జాబితా మూసేదాకా పారేయకూడదని నిబంధన. అవి ఇంకా ఈ ఇంటి ఫ్రిజ్‌లోనే, కింది అరలో, నీలం పెట్టెలో ఉన్నాయి. కృప పెట్టెను తెచ్చి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టింది. గ్లౌజులు వేసుకుంది. మొదటి గొట్టం ఎర్ర మూత తిప్పి తీసి వెలుతురుకు పట్టింది.

మూత లోపలి అంచున సన్నగా ఒక మెరుపు. నీళ్ళ తడి అయితే పది రోజుల్లో ఆరిపోవాలి. ఇది ఆరలేదు. దూదితో తుడిస్తే దూది మీద జిడ్డు.

రెండోది తీసింది. జిడ్డు. మూడోది. జిడ్డు. పదోది, ఇరవయ్యోది, అన్నిటికీ జిడ్డే. ముప్పై నాలుగు, ముప్పై ఐదు. ఆఖరికి ఒక్క మూత పొడిగా, ల్యాబు నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే శుభ్రంగా ఉంది. గొట్టం మీద తన చేతిరాతే, తెలుగులో: నారాయణ.

కూలీలు తమ పేరు తామే చూసుకుని తీసుకోవాలని నెత్తురు పరీక్ష క్యాంపుకు ముందు రోజు సాయంత్రమే అందరి పేర్లూ తెలుగులో రాసి పెట్టుకుంది. ఆ రాత్రి పెట్టె ఈ ఫ్రిజ్‌లోనే ఉంది. ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురు. తను, తమ్ముడు, అమ్మ.

ఫ్రిజ్ నెత్తిన చిన్న సీసా ఉంది. ఎప్పుడూ ఉండేదే. సంఘంలో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి పిల్లకు నొప్పులొచ్చినా జ్ఞానమణి ఆ సీసాలో బొటనవేలు ముంచి, నుదుట నూనె రాచి ప్రార్థన చేస్తుంది.

"అమ్మా!"

జ్ఞానమణి వంటింట్లోంచి వచ్చింది. చేతికి ఉల్లిగడ్డల వాసన. "పోయినాడా?"

"క్యాంపు రోజు పొద్దున ఫ్రిజ్ తెరిచినావా?"

"తెరవకుండా పెరుగు యాడినుంచి వస్తాది?"

"ఈ పెట్టె తెరిచినావా?"

జ్ఞానమణి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు. రాకపోవడం వల్ల జీవితంలో చాలాసార్లు నష్టపోయింది, అయినా నేర్చుకోలేదు. "తెరిచినా. తెల్లారుజామున ప్రార్థనకు లేసినా గదా. నువ్వు అలసిపోయి పడుకోనుంటివి. ఒక్కొక్కరి పేరు చదివి, వాని పెండ్లాం బిడ్డలను తలుచుకోని, నూనె రాచినా. ప్రార్థన చేసేది తప్పా?"

"మూత మీద చెయ్యి పెట్టి చేసుంటే సరిపోయేది గదమ్మా! మూత ఏంటికి తీసినావు?"

"నూనె తలకు పెడతారు గానీ టోపీకి పెడతారా?"

ఇంకో రోజైతే కృప పడీ పడీ నవ్వేది. ఇవాళ కుర్చీలో కూలబడింది.

ఎలా చెప్పాలి? ఆర్ఎన్ఏ అని మొదలుపెడితే అమ్మకు ఏం తెలుస్తుంది? అందుకని జడ అని చెప్పింది. ఆ గొట్టం అడుగున తెల్లటి దుమ్ములా కనబడేది దుమ్ము కాదమ్మా, జడ. మూడు పాయల జడ. ఒక్కటొక్కటీ అయితే కంటికే ఆనదు, అంత చిన్నది. జబ్బు మొదలైన ఊపిరితిత్తులు నెత్తురులోకి సన్నటి తునకలు వదులుతాయి, ఆ జడలో ఒక పాయ ఆ తునకను పట్టుకుంటుంది, పట్టుకోగానే జడ విడిపోయి వెలుగు వస్తుంది. మందు కూడా అటువంటి జడే. దాన్ని ఆవిరిలా పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి, గట్టిపడమని కండకు అందే ఆజ్ఞ నోరు మూయిస్తుంది. కానీ గట్టిపడకముందే పోవాలి. పడ్డాక ఏ జడా ఏమీ చేయలేదు.

"బాగుండాది. దానికీ నా నూనెకూ ఏంది?"

"నూనె కాదమ్మా. నీ వేలు." కృప గొంతు తగ్గింది. "ప్రతి మనిషి చర్మం మీద, చెమటలో, ఒక రసం ఉంటుంది. బయటినుంచి వచ్చే ఇట్లాంటి జడలను కోసేసేదానికే ఉంటుంది. వేలు తగిలితే చాలు, జడ తునకలు తునకలు అయిపోతుంది. ఇంగ జబ్బు ఉన్నా వెలగదు, లేకపోయినా వెలగదు. నువ్వు చెయ్యి పెట్టినవన్నీ సచ్చిపోయినాయి."

"ఇంకోదానితో సరిచూసినామంటివే?"

"అది నా సంచిలో ఉన్నింది. అందుకే అది బాగా వెలిగింది. అందుకే అందరం నమ్మినాం."

బయట చర్చి మైకులో ఏసుకుమార్ గొంతు వినబడుతోంది. మైకు సరిచూస్తూ, "స్తోత్రం, స్తోత్రం, ఒకటి రెండు మూడు," అంటున్నాడు.

"నారాయణది ఒక్కటే నువ్వు ముట్టుకోలేదు," అంది కృప.

ఆ పేరు విని జ్ఞానమణి మొహం తిప్పుకుంది. గోడకు చెబుతున్నట్టు చెప్పింది.

"ముట్టుకున్నా. మూడుసార్లు చేతికి తీసుకున్నా. మూత తిప్పబోతే మీ నాయన కనపడినాడు, ఆ దుమ్ము గది వాకిట్లో కూర్చోని, వంగిపోయి. చెయ్యి రాలేదు. ప్రభువా, ఇది నాతో కాదు అని పెట్టేసినా. వానిది ఒక్కటే వెలిగిందని నువ్వు చెప్పినావు చూడు, ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. నేను ప్రార్థన మానుకుంటేనే వానికి జబ్బొచ్చిందనుకున్నా. ఇంకోటి కూడా చెప్తా. సంతోషం కూడా పడినా. అదే నాకు శానా భయమైంది, పాపా."

పది రోజులుగా ఈ బరువు మోస్తూ ఈమె ఉల్లిగడ్డలు తరిగింది, పాటలు పాడింది, కొడుకు మొహం చూసి నవ్వింది. కృపకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. కోపంతో పాటు జాలి కూడా అంతే వచ్చింది.

"నీవల్ల రాలేదమ్మా ఆయనకు. జబ్బు ముందే ఉన్నింది. నువ్వు మూత తీయని గొట్టం ఒక్కటే నిజం చెప్పింది."

"అంటే..." జ్ఞానమణి బల్ల అంచు పట్టుకుంది. "నా కొడుకుది?"

"తెలీదు."

గడియారం పదకొండు.

కృప ఫోన్ తీసి కర్నూలులో డాక్టర్ మధులతకు చేసింది. ఈ ప్రయోగానికంతా పెద్ద ఆమే. దాచకుండా జరిగినదంతా చెప్పింది.

"పెట్టె తాళం వేసిన చోట ఉంచానని సంతకం పెట్టావు కదా?"

"పెట్టాను మేడం."

"మీ అమ్మ ఫ్రిజ్‌కు తాళం ఉందా?"

"లేదు మేడం."

"ఆ సంగతి రేపు మాట్లాడుకుందాం. రేపు అది పెద్ద సంగతే అవుతుంది, తెలుసుకో. ఇవాళ ఐదు దాకా నాకు నువ్వు కావాలి. ఇక్కడ ఒక పెట్టె మిగిలి ఉంది, కారులో పంపుతున్నాను. అందరి దగ్గరా తాజాగా నెత్తురు తియ్యి. వెలిగిన పేరు వెలిగినట్టే పంపు, వచ్చిన వరసలోనే ఎక్కిస్తాను. ఉన్నవి ఐదే చోట్లు. మళ్ళీ జాబితా తెరిచేది ఎప్పుడో నాకే తెలియదు."

ఫోన్ పెట్టాక కృప తల్లి వైపు చూసింది. నెత్తురు ఇవ్వాల్సిన వాళ్ళంతా ఇప్పుడు చర్చిలో ఉన్నారు. జబ్బు లేదని దేవుణ్ణి స్తుతిస్తున్నారు. వాళ్ళ చేత మళ్ళీ చేయి చాపించాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పాల్సింది ఎవరో ఇద్దరికీ తెలుసు.

"పద," అంది జ్ఞానమణి.

చర్చి నిండిపోయి ఉంది. సంఘంలో లేనివాళ్ళు కూడా వచ్చారు, మిల్లులో కలిసి పనిచేసేవాళ్ళు, ఓబుళేశులాంటి వాళ్ళు, విందు ఉందని వినీ, సంతోషం పంచుకుందామనీ. ఏసుకుమార్ అప్పుడే సాక్ష్యం చెప్పి కూర్చున్నాడు. తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. తల్లి మైకు దగ్గరికి నడుస్తుంటే పాట పాడుతుందేమోనని చప్పట్లకు చేతులెత్తాడు.

జ్ఞానమణి పాట పాడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మూతలు తీసింది, వేలు పెట్టింది, జడ సంగతి, అన్నీ. ఆ ఒక్క గొట్టం సంగతి దగ్గరికి వచ్చింది. అదీ చెప్పింది. "ఒకరి కోసం నేను ప్రార్థన చేయలేదు. చేయలేకపోయినా. ఆయనది ఒక్కటే నిజమైన పరీక్ష. మీ అందరివీ నేను చెడగొట్టినా."



సంఘ పెద్ద దావీదురాజు లేచాడు. మంచివాడు, ఎవరి మీదా గొంతెత్తనివాడు. "జ్ఞానమ్మా, దేవుడు చేసిన మేలుకు మనం ఈడ స్తుతి చెప్తాండాము. ఆ మేలును సూదితో పొడిచి చూస్తామా? అది పరీక్ష పెట్టినట్టు కాదా?"

"దేవుణ్ణి కాదు పెద్దయ్యా," అంది జ్ఞానమణి. "నన్ను పరీక్ష చేయండి. నా చెయ్యి తప్పు చేసిందా లేదా చూడండి."

ఎవరూ లేవలేదు. వీళ్ళ తప్పు కూడా ఏముంది? పది రోజుల కిందట ప్రాణం తిరిగిచ్చారు. ఇవాళ వచ్చి అది మళ్ళీ తెమ్మంటున్నారు. ఎవరిస్తారు? కొందరు తలలు దించుకున్నారు. కొందరు ఏసుకుమార్ వైపు చూశారు. తల్లి మాట కొడుకైనా నమ్ముతాడా అని.

ఏసుకుమార్ కూర్చున్న చోటి నుంచే అడిగాడు. "అమ్మా, నాది ఎంతసేపు పట్టుకున్నావు?"

జ్ఞానమణి మైకు కిందికి దించింది.

"చెప్పు. ఎంతసేపు?"

"కోడి రెండోసారి కూసిందాకా," అంది. "అందరికంటే ఎక్కువ నీదే పట్టుకున్నా నాయనా."

ఏసుకుమార్ తల్లి చేతుల వైపు చూశాడు. తర్వాత లేచి, తెల్ల చొక్కా చేతి గుండీ విప్పాడు. మడత మీద మడత పెట్టి మోచేతి పైదాకా ఎత్తాడు.

"ముందు పెద్దోళ్ళవి తీయక్కా," అన్నాడు. "నాది ఆఖర్న. నేను సాక్ష్యం చెప్పి వీళ్ళందరిచేత ఆమేన్ అనిపించినా. ముందు కూర్చునే మొహం లేదు నాకు."

"నువ్వు ముందు రా," అంది కృప.

"లేదక్కా."

ఓబుళేశు వెనకనుంచి వచ్చేశాడు. "నాది తీసుకో తల్లీ. నేను విందుకు వచ్చినా, సూదే ముందు పెడితే సూదే తింటా." ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో బిగిసిపోయిన ఊపిరులు వదులయ్యాయి. ఒకరి వెనక ఒకరు లేచారు. దావీదురాజు స్వయంగా బల్ల మీది గుడ్డ తీసి కృపకు చోటు చేశాడు. ముప్పై ఐదుగురిలో ఊళ్ళో ఉన్నది ఇరవై తొమ్మిదిమంది. ఇరవై తొమ్మిదిమందీ చేయి చాచారు.

కర్నూలు కారు రెండున్నరకు వచ్చింది.

గొట్టం వెలిగిందో లేదో చూపే నీలి వెలుతురు పెట్టెలో ఒకసారికి పది గొట్టాలు పడతాయి. అరగంట ఆగాలి. మొదటి పది పెట్టి మూత వేసి కృప గోడ గడియారం కింద నిలబడింది. జ్ఞానమణి మూలన నిలబడి ఉంది, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని. ఎవరో మంచినీళ్ళ గ్లాసు ఇవ్వబోతే కూడా చేతులు ముందుకు తేలేదు.

మూడున్నరకు మూత ఎత్తితే మూడు గొట్టాలు పచ్చగా వెలుగుతున్నాయి. చూడటానికి ఎంత అందంగా ఉంటుందో ఆ వెలుగు, ఎంత పాడు వెలుగో అది. ఓబుళేశుది అందులో ఒకటి. అతను చూసి, "అట్లయితే నా ముక్కు అబద్ధం చెప్పలేదన్నమాట," అని గోడకు ఆనుకున్నాడు. అతని భార్య తిరుపతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కృప మూడు పేర్లూ పంపింది. మధులత నుంచి జవాబు: ఎక్కించాను, రెండు మిగిలాయి.

రెండో పదిలో రెండు వెలిగాయి. నాలుగూ ఐదు నిమిషాలు. కృప వేలు ఫోన్ మీద ఆగింది. ఇంకో పెట్టెడు గొట్టాలున్నాయి. ఆఖరి వరసలో ఆఖరిది తమ్ముడిది. అరగంట ఓపిక పట్టి అన్నీ ఒకేసారి పంపితే? ఎవరికి తెలుస్తుంది? వరస తన చేతిలోనే ఉంది కదా?

తలెత్తితే తల్లి కనబడింది, వెనక్కి కట్టుకున్న చేతులతో.

కృప రెండు పేర్లూ పంపేసింది. ఎక్కించాను, జాబితా నిండింది, అని వచ్చింది. ఆ అక్షరాలను చూస్తూ తన మీద తనకే ఏడుపు వచ్చింది.

మూడో వరస పెట్టెలోకి వెళ్ళింది. తొమ్మిది గొట్టాలు. చర్చిలో ఎవరూ ఇళ్ళకు పోలేదు. వండిన అన్నం గంగాళాల్లో అలాగే ఉంది. ఏసుకుమార్ గుమ్మం మెట్ల మీద కూర్చుని చొక్కా చేయి దించుకుంటున్నాడు, ఎత్తుకుంటున్నాడు. అప్పుడే కృప గమనించింది, గేటు దగ్గర నారాయణ. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో. తువ్వాలు భుజాన, కవరు చేతిలో. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు.

నాలుగూ ముప్పై ఎనిమిది. కృప మూత ఎత్తింది.

ఎనిమిది గొట్టాలు చీకటి. దేవుడా, ఎనిమిది మంచి చీకట్లు. తొమ్మిదోది మిగిలినవాటికంటే చివరన, కొంచెం ఒరిగి, పచ్చగా, నిలకడగా వెలుగుతోంది. పేరు తనే రాసింది. చదవనక్కర్లేదు.

"అక్కా," అన్నాడు ఏసుకుమార్ మెట్ల మీది నుంచి, వెనక్కి తిరగకుండానే. "నాదే గదా?"

కృప గ్లౌజు చేత్తోనే ఫోన్ స్పీకరులో పెట్టింది. మాటలు కూడబలుక్కుని చెప్పింది. "మేడం, ఇంకొకటి వెలిగింది. మా తమ్ముడు."

"కృపా..." మధులత గొంతు కూడా మారింది. "ఐదూ నిండిపోయాయి. నీ మిల్లు కింద ఉన్నవి ఆరే. ఆరోది ఆ మేస్త్రీది. ఆయనంతట ఆయన తప్పుకుంటున్నానని సంతకం పెడితే తప్ప నేను చేయగలిగింది లేదు. ఐదు లోపల."

ఫోన్ స్పీకరులోనే ఉంది. అంత నిశ్శబ్దంలో ఆ గొంతు గుమ్మం దాకా వినబడింది. గేటు దాకా కూడా వినబడి ఉండాలి. నారాయణ చెయ్యి, కవరున్న చెయ్యి, మెల్లగా వీపు వెనక్కి పోయింది.

చర్చిలో అందరి చూపులూ అటు తిరిగాయి. అడగమని ఎవరూ అనలేదు. అడిగే హక్కు ఎవరికుందో, లేదో కూడా ఎవరికీ తెలియలేదు.

మధ్యాహ్నం నుంచి వెనక్కి కట్టుకున్న చేతులను జ్ఞానమణి విడిపించుకుంది. కొడుకు పక్కనుంచి మెట్లు దిగింది. ఆవరణ దాటింది. ఐదేళ్ళుగా ఎదురైతే దారి మార్చుకున్న మనిషికి ఎదురుగా, రెండు అడుగుల దూరంలో వెళ్ళి నిలబడింది. నారాయణ ఒక అడుగు వెనక్కి వేశాడు. గేటు అడ్డమొచ్చింది.

నాలుగూ నలభై నాలుగు.

"నారాయణన్నా," అంది జ్ఞానమణి.